ఖాకీ బండికి ఎర్రదీపం వర్తించదా?

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద ఉన్నాయి. పోలీసు మోటారు సైకిళ్లకు రోడ్డు నియమాలు వర్తిస్తాయా, వర్తించవా అని. అందుకే ఈ సంచికలో శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయించాం.

ప్రశ్న: నెల్లూరు వీఆర్సీ సెంటర్ దగ్గర నాకు చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే సిగ్నల్ కనపడుతుంది. ఎర్రదీపం పడ్డాక కూడా పోలీసు బండ్లు సైరన్ లేకుండా, లైటు లేకుండా నింపాదిగా దాటిపోతుంటాయి. అదే చోట మా కుర్రాడు గీత దాటి బండి ఆపాడని చలానా వచ్చింది. పోలీసులకు వేరే చట్టం ఏమైనా ఉందా?
— ఒక వ్యాపారి, నెల్లూరు

జవాబు: వేరే చట్టం లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 119 ప్రకారం బండి నడిపే ప్రతి ఒక్కరూ ట్రాఫిక్ గుర్తులకు లోబడాలి. ఆ సెక్షన్‌లో యూనిఫాం ప్రస్తావనే లేదు. ఎర్రదీపం దాటడం 2019 సవరణ తర్వాత సెక్షన్ 184 కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా లెక్క. మొదటిసారికి రూ.1,000 నుంచి రూ.5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

మరి మినహాయింపు ఎక్కడుంది? 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో ఉంది. విధి మీద వెళ్తున్న వాహనాలకు దారి ఇవ్వాల్సిన వరుస అందులో రాశారు. ముందు ఫైరింజన్, తర్వాత అంబులెన్స్, ఆ తర్వాతే పోలీసు వాహనం. పోలీసు బండి అంబులెన్సుకు దారి ఇవ్వాలే తప్ప అడగకూడదని దీని అర్థం. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఎర్రదీపం దాటడం, వేగపరిమితి మించడం, వన్‌వేలో ఎదురు వెళ్లడం లాంటివి ప్రత్యేక హక్కులు. అవి మామూలు విధికి రావు. ప్రాణం కాపాడటం, పెద్ద ముప్పు ఆపడం లాంటి అత్యవసరం ఉండాలి. సైరన్ మోగుతూ, రంగుల దీపం వెలుగుతూ ఉండాలి. అప్పుడు కూడా కూడలిలోకి వేగం తగ్గించి, జాగ్రత్తగా రావాలి. బీటు తిరగడం, స్టేషన్‌కు వెళ్లడం, డ్యూటీ మారే వేళ ఇంటికి చేరడం అత్యవసరాలు కావు. మీరు చెప్పినట్టు సైరనూ లైటూ లేకుండా నింపాదిగా దాటిన బండి ఈ మినహాయింపు కిందికి రాదు.

ఒక్క సందర్భాన్ని మాత్రం దీంతో కలపొద్దు. కూడలి మధ్యలో నిలబడి ట్రాఫిక్ నడిపిస్తున్న పోలీసు చెయ్యి ఊపి రమ్మంటే, ఎర్రదీపం ఉన్నా అటువైపు వాళ్లంతా కదలొచ్చు, మీ కుర్రాడితో సహా. మనిషి చేతి సైగ దీపం కంటే పెద్దది. బండి మీద వెళ్తున్న పోలీసు తనకు తానే ఆ సైగ ఇచ్చుకోలేడు.

ప్రశ్న: నేను బండి మీద గస్తీ చేసే కానిస్టేబుల్‌ని. 112కి ఫోన్ వస్తే నిమిషాల్లో చేరాలి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగితే కొట్లాటలో మనిషి పోతాడు. ఎర్రదీపం దగ్గర సరిగ్గా ఎలా దాటాలో ఎవరూ వివరంగా చెప్పరు. మీరు చెప్పగలరా?
— ఒక కానిస్టేబుల్, ఒంగోలు

జవాబు: ఈ ఉత్తరాల్లో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది మీదే. కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాం.

ముందు లెక్క చూడండి. ప్రమాదం కంటపడి, చెయ్యి బ్రేకు మీద పడటానికి సుమారు ఒక సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులోనే బండి 17 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 23 మీటర్లు. మొత్తం 40. వాన పడి రోడ్డు తడిగా ఉంటే 50 దాటుతుంది. 80లో పొడి రోడ్డు మీదే 63 మీటర్లు కావాలి. అదే 20 వేగంలో అయితే ఎనిమిది తొమ్మిది మీటర్లలో ఆగిపోతారు, అంటే రెండు కార్ల పొడవు. కూడలిలో అడ్డంగా ఆటో వస్తే కనపడేది కూడా దాదాపు ఆ దూరంలోనే. అందుకే ఎర్రదీపం దగ్గర 20కి మించకూడదు. ఒంగోలు అద్దంకి బస్టాండు సెంటర్ లాంటి చోట, మూల మీద బస్సు ఆగి ఉంటే, 20 కూడా ఎక్కువే.

ఇక వరుస. కూడలికి వంద మీటర్ల ముందే సైరన్ సాగదీసే మోత నుంచి గబగబా కొట్టే మోతకు మార్చండి. సాగే మోత ఖాళీ రోడ్డుకు పనికొస్తుంది. కూడలిలో అది ఎటునుంచి వస్తోందో జనానికి అందదు, భవనాల గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ వచ్చినట్టుంటుంది. తర్వాత స్టాప్ లైన్ దగ్గర బండిని దాదాపు ఆపినంత పని చేయండి. ఒక కాలు దించేంత నెమ్మది. ముందు కుడివైపు చూడండి, ఎందుకంటే మన దేశంలో మీకు మొదట తగిలే వరుస అటునుంచే వస్తుంది. ఆ వరుసలో ముందున్న బండి ఆగిందని చక్రం చూసి నిర్ధారించుకోండి. డ్రైవరు మిమ్మల్ని చూసినట్టు అనిపిస్తే చాలదు, చక్రం ఆగాలి. అది దాటాక మధ్యలో మళ్లీ నెమ్మదించి ఎడమవైపు చూడండి. ఒక్కో వరుసను ఒక్కో సిగ్నల్ అనుకోండి. నాలుగు వరుసలుంటే నాలుగుసార్లు చూడాలి.

ఎక్కువగా తప్పు జరిగేది ఆగిన లారీ పక్కన. మీకోసం లారీ ఆగుతుంది, దాని చాటున అవతలి వరుసలో స్కూటీ వస్తూనే ఉంటుంది. ఆ స్కూటీ మనిషికి మీరు కనపడరు, లారీ ఇంజను మోతలో సైరన్ కూడా సరిగ్గా వినపడదు. ఇంకో పొరపాటు రెండు బండ్లు వెంటవెంటనే వెళ్లినప్పుడు. మొదటిది పోగానే జనం 'అయిపోయింది' అనుకుని కదులుతారు, రెండోది వాళ్ల మధ్యలోకి దూసుకొస్తుంది. వెనకున్న బండి తన సైరన్ మోతను వేరేగా పెట్టుకోవాలి, కనీసం ముందు బండికి పది సెకన్ల దూరంలో ఉండాలి.

మోటారు సైకిల్ సన్నటిది. ఎదుటివాడి కంటికి అది ఉన్న దూరం కంటే ఎక్కువ దూరంలో ఉన్నట్టు, వస్తున్న వేగం కంటే నెమ్మదిగా వస్తున్నట్టు కనిపిస్తుంది. జీపుకు దారి ఇచ్చే డ్రైవరే మీ బండిని చూసి 'ఇంకా దూరంలో ఉందిలే' అని తిప్పేస్తాడు. జీపు తోలే పోలీసుకు చెల్లేది మీకు చెల్లదు.

వైర్‌లెస్ సెట్‌లో మాట్లాడటం వెనక కూర్చున్న సహచరుడి పని. చేతిలో పట్టుకునే కమ్యూనికేషన్ సాధనం ఏదైనా బండి నడుపుతూ వాడటం సెక్షన్ 184 కిందికే వస్తుంది. ఆ మాటలో సెల్‌ఫోనుతో పాటు మీ సెట్ కూడా ఇమిడిపోతుంది. ఒంటరిగా ఉంటే ఎడమ అంచుకు తీసి, ఆపి, మాట్లాడి బయల్దేరండి.

చివరగా బండి సంగతి. డ్యూటీ ఎక్కగానే సైరన్, దీపం రెండూ ఒకసారి వేసి చూడండి. ఇంజను ఆపేసి దీపం వెలిగించి సెంటర్లో గంటలకొద్దీ నిలబెడితే బ్యాటరీ దిగిపోతుంది. అసలు పిలుపు వచ్చిన రాత్రి సైరన్ గొంతు పెగలదు. ముందు బ్రేకు లీవరు నొక్కితే హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోందంటే ఆ బండి తీసుకోకండి, స్టేషన్ పుస్తకంలో రాయించండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే.

మనిషి పోతాడన్న మీ మాట నిజం. నెమ్మదించడం వల్ల ఒక్కో కూడలిలో పోయేది ఐదారు సెకన్లు. దారిలో మీరే పడిపోతే ఆ మనిషి దగ్గరికి చేరేవాళ్లే ఉండరు.

ప్రశ్న: మా ఆయన పోలీసు. హెల్మెట్ పెట్టుకోమంటే "యూనిఫాం టోపీ ఉందిగా" అంటారు. పిల్లాడికి మూడేళ్లు, వాణ్ణి ముందు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటారు. నేను చెబితే వినరు, పత్రికలో వస్తే వింటారేమో.
— ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, ఈ పేజీ ఆయన ముందు పెట్టండి. సెక్షన్ 129 ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, నడిపేవారికీ వెనక కూర్చున్నవారికీ, హెల్మెట్ ఉండాలి. చట్టం తనంతట తాను మినహాయించింది తలపాగా కట్టుకున్న సిక్కులను మాత్రమే. లాఠీ డ్యూటీలో పెట్టుకునే హెల్మెట్ కూడా పనికిరాదు. అది రాయి దెబ్బ ఆపడానికి చేసింది, రోడ్డుకు తల కొట్టుకునే దెబ్బకు కాదు.

కావలసింది ఐఎస్ 4151 అనే ద్విచక్ర వాహన హెల్మెట్ల ప్రమాణం ఉన్నది. వెనక ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అనే అక్షరాల తర్వాత అంకెలు ఉంటాయి. ఆ అంకెలను ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు రావాలి. రోడ్డు పక్కన స్టిక్కరు అంటించి అమ్మేవి అక్కడే దొరికిపోతాయి. పెట్టుకుని పట్టీ బిగించాక గడ్డానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్లకు మించి దూరకూడదు. ఆ తర్వాత వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగి చూడమనండి. ఊడి వస్తే అది ఆయన కొలత కాదు. పట్టీ పెట్టని హెల్మెట్ మొదటి దెబ్బకే ఎగిరిపోతుంది, తల రెండో దెబ్బకు ఖాళీగా దొరుకుతుంది. ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు. పైన గీత కూడా కనపడకపోవచ్చు గానీ లోపలి థర్మాకోల్ పొర ఒక్కసారే నలుగుతుంది, తిరిగి ఉబ్బదు.

పిల్లాడి సంగతి ఇంకా ముఖ్యం. ట్యాంకు మీద కూర్చోబెడితే గట్టి బ్రేకు పడ్డప్పుడు వాడి ఛాతీ హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది, వెనకనుంచి నాన్న బరువు పడుతుంది. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు కూడా కొలతకు సరిపడే హెల్మెట్ ఉండాలి, పిల్లల్ని పెద్దవాళ్లకు కట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. హార్నెస్ పట్టీలు పిల్లవాడి రెండు భుజాల మీదుగా, కాళ్ల మధ్య నుంచి కూడా రావాలి. నడుముకు మాత్రమే కట్టే పట్టీ కొనొద్దు.

ప్రశ్న: చీమకుర్తి నుంచి గ్రానైట్ లోడు తోలతాను. వెనక పోలీసు సైరన్ మోగిస్తే ఎటు తీయాలో అర్థం కాదు. సిగ్నల్ దగ్గర ముందు నేనే ఉంటే ఎర్రదీపం దాటి దారి ఇవ్వాలా?
— ఒక లారీ డ్రైవరు

జవాబు: దాటకండి. దారి ఇవ్వమంది చట్టం, మిమ్మల్ని ఎర్రదీపం దాటమనలేదు. దీపం ముందున్నప్పుడు గీత లోపలే వీలైనంత ఎడమకు జరిగి నిలబడితే చాలు. పోలీసు చేత్తో రమ్మని సైగ చేస్తేనే కదలాలి.

నడుస్తున్నప్పుడైతే ముందు ఎడమ ఇండికేటర్ వేయండి, తర్వాత కాలు తీసి వేగం తగ్గించండి, ఆ తర్వాతే జరగండి. ఈ వరుస తప్పితే వెనకున్న బండికి మీరు ఏం చేయబోతున్నారో తెలియదు. బండల లోడుతో హఠాత్తుగా బ్రేకు వేయకండి. గొలుసు కాస్త వదులుగా ఉంటే బండ క్యాబిన్ వైపు జరుగుతుంది. మార్జిన్‌లో మట్టి మెత్తగా ఉంటే చక్రం దించొద్దు, తారు మీదే ఉండి వేగం తగ్గించినా దారి ఇచ్చినట్టే. పోయింది ఒక్క బండే అనుకుని వెంటనే లోపలికి రాకండి, అద్దంలో ఇంకోసారి చూడండి. ఫైరింజన్‌కు, అంబులెన్స్‌కు, రాష్ట్ర ప్రభుత్వం పేర్కొన్న ఇతర అత్యవసర వాహనాలకు దారి ఇవ్వకపోతే సెక్షన్ 194ఈ కింద రూ.10,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ప్రశ్న: పోలీసు తప్పు చేస్తే జరిమానా రెట్టింపు అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? నిజమైతే ఎవరికి చెప్పాలి?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: నిజమే. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణల్లో సెక్షన్ 210బి ఉంది. ఈ చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవాళ్లే దాన్ని ఉల్లంఘిస్తే ఆ తప్పుకు ఉన్న శిక్షకు రెట్టింపు పడుతుంది. హెల్మెట్ లేకపోతే అందరికీ రూ.1,000, వాళ్లకు రూ.2,000. ముగ్గురెక్కినా అంతే. సెలవు రోజున సొంత బండి మీద తిరిగే కానిస్టేబుల్‌కు రెట్టింపు పడుతుందా అన్నదానిలో వాదనకు తావుంది, ఎందుకంటే చట్టం వాడిన మాట వ్యక్తి గురించి కాదు, అధికార యంత్రాంగం గురించి. మామూలు జరిమానా మాత్రం ఎవరికీ తప్పదు.

మా అభిప్రాయం ఒకటి చెబుతాం. ఆ డబ్బు నడిపినవాడి జీతంలోంచి రావాలి. శాఖ ఖాతాలోంచి కడితే ఆ జరిమానా కట్టింది మీరూ మేమే.

ఫిర్యాదు ఇవ్వాలంటే 'ఒక పోలీసు సిగ్నల్ దాటాడు' అంటే ఎవరూ కదలరు. తేదీ, నిమిషంతో సహా సమయం, ఏ సెంటర్, ఏ వైపు నుంచి ఏ వైపుకు, బండి నంబరు, సైరన్ మోగుతోందా, దీపం వెలుగుతోందా, ఇవన్నీ రాయాలి. సైరన్ సంగతి తప్పకుండా రాయండి, మొదట అడిగేది అదే. వీడియో తీస్తే ఎర్రదీపం, స్టాప్ లైను, బండి ఒకే ఫ్రేములో ఉండాలి. కత్తిరించకుండా ఇవ్వండి. బండి నడుపుతూ మాత్రం తీయకండి, అప్పుడు తప్పు చేసింది మీరవుతారు. జిల్లా ఎస్పీ కార్యాలయంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. కొన్నాళ్లాగి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అదే కార్యాలయాన్ని రెండు ప్రశ్నలు అడగండి: నా ఫిర్యాదు మీద ఏ చర్య తీసుకున్నారు, గడిచిన ఏడాది సెక్షన్ 210బి కింద ఎన్ని చలానాలు రాశారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రెండో ప్రశ్న నలుగురు అడిగితే ఆ సెక్షన్‌కు ప్రాణం వస్తుంది.

ప్రశ్న: నేను హోంగార్డుని. సొంత బండి నంబరు ప్లేటు మీద పోలీస్ అని రాయించుకోవచ్చా?
— సింగరాయకొండ

జవాబు: కూడదు. నంబరు ప్లేటు మీద నంబరు తప్ప ఏ మాటా, బొమ్మా ఉండకూడదు. సొంత బండికి సైరన్, రంగుల దీపం కూడా పెట్టకూడదు.

ప్రశ్న: మా నాన్న పొదిలిలో రోడ్డు దాటుతుండగా పోలీసు బండి తగిలి తొడ ఎముక విరిగింది. "గవర్నమెంటు బండికి ఇన్సూరెన్సు ఉండదు, కేసు పెట్టినా ఏమీ రాదు" అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: సగం నిజం చెప్పి మిమ్మల్ని భయపెడుతున్నారు. ప్రభుత్వ పనికి వాడే ప్రభుత్వ వాహనానికి ఇన్సూరెన్సు తప్పనిసరి కాదని సెక్షన్ 146 చెబుతుంది. ఇన్సూరెన్సు లేకపోతే పరిహారం యజమాని కట్టాలి, యజమాని రాష్ట్ర ప్రభుత్వం. రాజస్థాన్‌లో కలెక్టరు జీపు మరమ్మతు నుంచి వస్తూ ఒక మనిషిని గుద్ది చంపితే, ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 1962లోనే విద్యావతి కేసులో తేల్చింది.

వెంటనే చేయాల్సినవి చెబుతాం. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా తీసుకోండి. అందులో బండి నంబరు, నడిపినవారి పేరు ఉన్నాయో లేదో అక్కడే చదవండి. 'గుర్తు తెలియని వాహనం' అని ఉంటే అప్పుడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, తర్వాత సరిదిద్దించడం చాలా కష్టం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దర్యాప్తు చేసే అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ప్రమాద పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ రెండింటి నకళ్లూ అడగండి. ఆ చుట్టుపక్కల షాపుల్లో సీసీ కెమెరాలుంటే ఈ వారమే వెళ్లి ఫుటేజీ దాచమని అడగండి. చాలా కెమెరాల్లో రెండు మూడు వారాలకే పాతది చెరిగిపోతుంది.

ఆస్పత్రిలో చేరిన వేళ మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన గాయంగా, రాయించారో లేదో చూసుకోండి. ప్రతి బిల్లు, మందుల చీటీ, ఎక్స్‌రే దాచండి. నాన్నగారి రోజువారీ సంపాదనకు ఏ కాగితం ఉన్నా, పాల కేంద్రం పుస్తకమైనా సరే, పక్కన పెట్టండి. పరిహారం లెక్క దాని మీదే నడుస్తుంది.

దావా రెండు రకాలు. ఎవరి తప్పో నిరూపించనక్కర్లేకుండా సెక్షన్ 164 కింద తీవ్రగాయానికి రూ.2.5 లక్షలు, మరణానికి రూ.5 లక్షలు వస్తాయి. తొడ ఎముక విరగడం తీవ్రగాయమే. అది కాక, తప్పు నిరూపించి అసలు నష్టమంతా సెక్షన్ 166 కింద అడగవచ్చు. రెండూ కలిపి రావు. ఆపరేషన్, నెలల తరబడి పని పోవడం, కాలు పొట్టిగా అతకడం లాంటివి ఉంటే 166 వైపే మొగ్గండి. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల లోపు పిటిషన్ పడాలి. ప్రమాదం జరిగిన చోట అయినా, మీరు ఉండే చోట అయినా ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. ప్రతివాదులుగా నడిపిన వ్యక్తిని, జిల్లా ఎస్పీని, రాష్ట్ర ప్రభుత్వాన్ని ముగ్గురినీ చేర్చమని వకీలుకు చెప్పండి. బండికి పాలసీ ఉందని తేలితే ఆ కంపెనీని కూడా. నడిపిన మనిషిని ఒక్కడినే చేర్చిన పిటిషన్‌లో తీర్పు వచ్చాక డబ్బు వసూలు కావడం మీ ప్రాణం మీదికి వస్తుంది.